ప్రాడ్ నుంచి టెస్ట్‌కి: ఒక క్లోన్ పనితనం

న్యూయార్క్‌లో శుక్రవారం సాయంత్రం ఆరయ్యేసరికి హైదరాబాదులో శనివారం తెల్లవారుజాము మూడున్నర. చలికాలమైతే నాలుగున్నర. అక్కడ ఆఫీసులు ఖాళీ అవుతున్న ఆ వేళకు ఇక్కడ మాదాపూర్‌లోనో, విశాఖ మధురవాడలోనో, సొంతింట్లో హాలు మూలనో ఒక డిబిఏ, అంటే డేటాబేస్‌ల బాగోగులు చూసే ఇంజనీరు, లాప్‌టాప్ తెరుస్తారు. సోమవారం పొద్దున టెస్టర్లు లాగిన్ అయ్యేసరికి టెస్ట్ సర్వర్‌లో ప్రొడక్షన్ డేటా ఉండాలి. టికెట్‌లో ఒకటే వాక్యం ఉంటుంది: ‘టెస్ట్‌ని ప్రాడ్ నుంచి రిఫ్రెష్ చేయండి.’ ఆ ఒక్క వాక్యం వెనక ఎంత పనితనం ఉందో చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఎందుకంటే ఈ పని బాగా జరిగితే ఎవరికీ కనపడదు. చెడితేనే అందరికీ తెలుస్తుంది.

ఈ రంగంతో పరిచయం లేనివాళ్ల కోసం రెండు మాటలు. ఏ పెద్ద సంస్థలోనైనా ఒకే సాఫ్ట్‌వేరు కనీసం రెండు చోట్ల నడుస్తుంటుంది. జీతాలు వేసేది, బిల్లులు కట్టేది, గోడౌనులో సరుకు లెక్క చూసేది ప్రొడక్షన్. పనిచేసేవాళ్ల నోట ‘ప్రాడ్’. కొత్త ప్రోగ్రాము రాసినా, ప్యాచ్ వచ్చినా ముందు వేసి చూసేది టెస్ట్. ప్రాడ్‌లో రోజూ లావాదేవీలు పడుతూనే ఉంటాయి. టెస్ట్ మాత్రం చివరిసారి కాపీ చేసిన రోజు దగ్గరే ఆగిపోయి ఉంటుంది. పైగా ఈలోపు టెస్టర్లు వేసిన ఉత్తుత్తి ఎంట్రీలతో నిండిపోతుంది. సగం కట్టి వదిలేసిన ఇన్‌వాయిసు, మూడు చిరునామాలున్న కస్టమరు, ఏడాది మధ్యలో బదిలీ అయి ఇంక్రిమెంటు ఆగిన ఉద్యోగి: అసలు తప్పులు బయటపడేది ఇలాంటి రికార్డుల దగ్గరే. కూర్చుని ఊహించి వీటిని తయారుచేయడం ఎవరివల్లా కాదు. పదివేల రికార్డుల మీద రెప్పపాటులో వచ్చిన రిపోర్టు పది కోట్ల రికార్డుల మీద తెల్లారినా రాకపోవచ్చు. అదీ నిజమైన డేటా మీద నడిపితేనే తెలుస్తుంది. అందుకే ప్రాడ్ డేటా తెచ్చి టెస్ట్‌లో పెడతారు. ఈ రిఫ్రెష్‌నే క్లోన్ అని కూడా అంటారు.

ఒక్కో సాఫ్ట్‌వేరుకు దీని పద్ధతి ఒక్కో రకం. నేను ఇక్కడ ఒరాకిల్ ఈ-బిజినెస్ సూట్‌ని, అంటే మనవాళ్లు ‘ఒరాకిల్ యాప్స్’ అనేదాన్ని తీసుకుంటున్నాను. అమీర్‌పేటలో మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టుపక్కల ‘ఒరాకిల్ యాప్స్ డిబిఏ’ అన్న శిక్షణ సంస్థ బోర్డు కింద నుంచి నడిచి వెళ్లి ఆ ఉద్యోగంలో చేరిన తెలుగువాళ్లు హైదరాబాదు నుంచి డల్లాస్ దాకా ఉన్నారు. ఇంటర్వ్యూలో వాళ్లకు ఎదురయ్యే ప్రశ్నల్లో ‘క్లోనింగ్ స్టెప్స్ చెప్పండి’ అన్నది ఒకటి. జవాబు పది వరసల్లో అయిపోతుంది. ప్రాడ్‌లో ప్రీక్లోన్, డేటాబేస్ రీస్టోర్, ఫైళ్ల కాపీ, టెస్ట్‌లో కాన్ఫిగ్‌క్లోన్, ఆటోకాన్ఫిగ్, పోస్ట్‌క్లోన్ స్టెప్స్. ఆ చివరి రెండు మాటల్లోనే ఈ పని ప్రాణం ఉంది. తెచ్చిన కాపీకి తాను ప్రాడ్‌ననే జ్ఞాపకం పూర్తిగా పోవాలి. అదీ అది లేచి ఎవరికైనా ఒక మెయిల్ పంపేలోపు, ఏ బ్యాంకుకైనా ఒక ఫైలు తోసేలోపు పోవాలి. డేటా మోసుకురావడం యంత్రం చేస్తుంది. ఆ జ్ఞాపకం పోగొట్టడం మనిషి చేయాలి.

అంతకంటే ముందు చేయాల్సిన పని మరొకటుంది. క్లోన్ అంటే కొత్తది తేవడమే కాదు, ఉన్నదాన్ని చెరిపేయడం కూడా. ఇంకా ప్రాడ్‌కి వెళ్లని కోడు, డెవలపర్లకు ఇచ్చిన అదనపు అధికారాలు, టెస్ట్‌కి మాత్రమే ఉన్న లింకులు, డైరెక్టరీ దారులు, ప్రొఫైల్ విలువలు, సర్టిఫికెట్లు పెట్టుకున్న వాలెట్: ఇవన్నీ ప్రాడ్‌లో ఉండవు కాబట్టి రిఫ్రెష్ తర్వాత మాయమవుతాయి. మంచి డిబిఏ చెరిపే ముందు వీటన్నిటినీ పక్కన దాచుకుంటారు. సెటప్‌లను ఎఫ్‌ఎన్‌డిలోడ్ అనే పనిముట్టుతో ఎల్‌డిటి ఫైళ్లుగా దించుకుంటారు. లింకులను, యూజర్లను, అనుమతులను తిరిగి తయారుచేసే స్క్రిప్టును పాత టెస్ట్ నుంచే రాయించుకుంటారు. సర్వర్ పేర్లు, పోర్టులు, దారులు రాసి ఉండే రెండు కాంటెక్స్ట్ ఫైళ్లను, ఒకటి డేటాబేస్‌ది, ఒకటి అప్లికేషన్‌ది, వేరే చోటికి కాపీ చేసి పెట్టుకుంటారు. ఈ దశలో తొందరపడ్డవాళ్ల పని సోమవారం మధ్యాహ్నానికి బయటపడుతుంది. మూడు నెలలు రాసిన ప్యాకేజీ కనపడటం లేదని ఒక డెవలపర్ ఫోన్ చేస్తాడు.

ఇక మోసుకురావడం. ప్రాడ్‌లో యాడ్‌ప్రీక్లోన్ అనే పెర్ల్ స్క్రిప్టు నడుస్తుంది, డేటాబేస్ టైరుకు ఒకసారి, అప్లికేషన్ టైరుకు ఒకసారి. ఇందుకోసం ప్రాడ్‌ని ఆపక్కర్లేదు. తర్వాత రావాల్సిన పేర్లు, దారుల కోసం ఖాళీలు విడిచిన మూసలను అది తయారుచేసి పెడుతుంది, అంతే. ఆ తర్వాత ఒరాకిల్ బ్యాకప్ పనిముట్టు ఆర్‌మాన్ వంతు. టెస్ట్ సర్వర్‌లో ఖాళీ ఇన్‌స్టన్స్‌ను నోమౌంట్ స్థితిలో, అంటే ఇంకా ఏ డేటాబేసూ తగిలించకుండా, నిలబెట్టి, డూప్లికేట్ అనే ఒక్క ఆజ్ఞ ఇస్తే మిగతాది అదే చూసుకుంటుంది. దాని లాగ్ దగ్గరగా చదవడం నాకు ఇష్టం. తాను చేయబోయే పనికి స్క్రిప్టును ఆర్‌మాన్ అక్కడికక్కడే రాసుకుంటుంది. ‘మెమరీ స్క్రిప్టు’ అని శీర్షిక పెట్టి, ప్రతి డేటాఫైలుకూ కొత్త పేరు వేసి, తాను రాసుకున్నది తెర మీద మనకు చూపించి, ఆ తర్వాతే నడుపుతుంది. ఫైళ్లు దిగుతాయి, మార్పులు నమోదైన ఆర్కైవ్ లాగులు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కుతాయి, అడిగిన నిమిషం దగ్గర ఆగుతుంది. రాత్రి పన్నెండింటి వరకే డేటా కావాలంటే సరిగ్గా అక్కడే ఆగుతుంది. చివర రీసెట్‌లాగ్స్‌తో తెరిచేముందు కొత్త డేటాబేస్‌కు కొత్త డిబిఐడి, అంటే గుర్తింపు నంబరు, కూడా ఇస్తుంది. పాత నంబరే ఉంటే బ్యాకప్‌ల వివరాలుండే రికవరీ కేటలాగ్‌లో తల్లి ఎవరో పిల్ల ఎవరో తేడా తెలియదు. ఈ ఒక్క పనికోసం ఒకప్పుడు విడిగా ఒక పనిముట్టు నడపాల్సి వచ్చేది.

డూప్లికేట్ రెండు రకాలుగా చేయొచ్చు. నడుస్తున్న ప్రాడ్ నుంచి నేరుగా నెట్‌వర్క్ మీద తెచ్చుకోవడం ఒకటి. ఇది 11జి వర్షన్‌తో వచ్చింది. బ్యాకప్ నుంచి తెచ్చుకోవడం రెండోది. మొదటిది సులువు. నా ఓటు రెండోదానికే, కారణం చివర్లో చెబుతాను. సమయం సంగతి లెక్క వేస్తే తేలిపోతుంది. 4 టెరాబైట్ల డేటా 1 గిగాబిట్ నెట్‌వర్క్ మీద ఏ అడ్డూ లేకుండా పారినా దాదాపు 9 గంటలు. 10 గిగాబిట్ అయితే గంటలోపు. స్టోరేజీ స్నాప్‌షాట్లు వచ్చాక నిమిషాల్లో అయ్యే చోట్లు కూడా ఉన్నాయి. అయితే కాపీ ఎంత వేగమైతే తర్వాతి పనుల్లో జాగ్రత్త అంత ఎక్కువ కావాలి. తొమ్మిది గంటల కాపీ మనిషికి ఆలోచించుకునే వ్యవధి ఇచ్చేది. ఐదు నిమిషాల కాపీ ఇవ్వదు.

డేటాబేస్ దిగింది. ఇప్పుడు దాన్ని తెరవాలి. గమనించాల్సిన మొదటి చోటు ఇదే. ప్రాడ్‌లో ప్రతి పది నిమిషాలకు నడవాలని ఎవరో ఎప్పుడో పెట్టిన జాబ్‌లు డేటాబేస్ లోపలే ఉంటాయి. తాము ఉన్నది కాపీలో అని వాటికి తెలియదు. డేటాబేస్ తెరుచుకున్న క్షణమే మేల్కొంటాయి. అందుకే పని తెలిసినవాళ్లు పారామీటర్ ఫైల్లో జాబ్ క్యూ ప్రాసెసెస్ విలువను ముందే సున్నా చేసి పెడతారు. 12సి నుంచి డూప్లికేట్‌కు నోఓపెన్ అనే ఎంపిక కూడా ఉంది. అంతా సిద్ధం చేసి, తెరవకుండా వదిలేస్తుంది. అప్పుడు రిస్ట్రిక్ట్ మోడ్‌లో, ఇంకెవరూ రాకుండా, మనమే తెరుచుకోవచ్చు. చూడ్డానికి ఒక్క వరస మార్పు. కానీ ఆ వరస రాసిన మనిషి అంతకుముందే ఒక ప్రశ్న వేసుకున్నాడు: ఇది కళ్లు తెరవగానే మొదట ఏం చేస్తుంది? ఈ పనిలో నేను మెచ్చుకునేదంతా ఆ ప్రశ్నలోంచి పుట్టిందే.

తర్వాత చిరునామాలు. ఇల్లు మారినవాడు అడిగినవాళ్లందరికీ పాత వీధి పేరే చెబుతున్నట్టు, కొత్త డేటాబేస్ ఇంకా ప్రాడ్ సర్వర్ల పేర్లే చెబుతుంటుంది. ఎఫ్‌ఎన్‌డి నోడ్స్ టేబుల్ నిండా ప్రాడ్ మిషన్లే. దాన్ని సెటప్ క్లీన్ అనే ప్రొసీజరుతో ఖాళీ చేసి, ముందు డేటాబేస్ వైపు, తర్వాత అప్లికేషన్ వైపు, కాంటెక్స్ట్ ఫైలు చూసి సెట్టింగులు రాసే ఆటోకాన్ఫిగ్ నడిపితే టెస్ట్ మిషన్లు కొత్తగా నమోదవుతాయి. ఈ వరస తప్పకూడదు. లైబ్రరీల దారులు డేటాబేస్ లోపల కూడా రాసి ఉంటాయి కాబట్టి వాటికి యాడ్‌అప్‌డిలిబ్ స్క్రిప్టు. కాన్ఫిగ్‌క్లోన్ దశలో నడిపే యాడ్‌సిఎఫ్‌జిక్లోన్ స్క్రిప్టు అడిగే ప్రశ్నల్లో ఒకటి పోర్ట్ పూల్, 0 నుంచి 99 వరకు ఒక సంఖ్య. అది ఇస్తే పోర్టులన్నీ అంతమేర జరుగుతాయి. 1521 మీద ఉండాల్సిన డేటాబేస్ పూల్ 10 ఇస్తే 1531 మీదకు వెళ్తుంది. ఒకే మిషన్ మీద రెండు టెస్ట్‌లు ఢీకొనకుండా బతకడానికి ఇంత చిన్న ఏర్పాటు చాలింది. దీన్ని ఆలోచించినవాళ్లెవరో గానీ నాకు భలే నచ్చింది.

ఆటోకాన్ఫిగ్‌కు తెలిసినవే అది మారుస్తుంది. కంపెనీ సొంతంగా పెట్టుకున్న ప్రొఫైళ్లు, రిపోర్టు లింకులు, ఎప్పుడో ఎవరో రాసిన ఇంటర్‌ఫేస్ టేబుల్లో ఒక మూలన ఉన్న వెబ్ చిరునామా దాని కంటికి ఆనవు. అందుకే ఆరితేరిన డిబిఏ ప్రాడ్ హోస్ట్ పేరును పట్టుకుని ప్రొఫైల్ విలువల్లో, సొంత సెటప్ టేబుళ్లలో వెతికే క్వెరీలు దగ్గర పెట్టుకుంటారు. ఆ క్వెరీ సున్నా వరసలు ఇచ్చేదాకా సర్వీసులు లేపరు. పత్రంలో చెప్పినవన్నీ చేశాక కూడా ‘ఇంకా ఎక్కడైనా ప్రాడ్ మిగిలిందా’ అని వెతికే ఆ అనుమానం నేర్పితే వచ్చేది కాదు. ఒకరి పక్కన కూర్చుని చూస్తే వస్తుంది.

కాంకరెంట్ రిక్వెస్టులది, అంటే తెర వెనక నడిచే ప్రోగ్రాములది, ఇంకో కథ. ప్రాడ్‌లో రాత్రి నడవడానికి వరసలో నిలబడ్డ ప్రోగ్రాములన్నీ అదే స్థితిలో టెస్ట్‌లోకి వస్తాయి. పేమెంట్ రన్, జీతాల ప్రోగ్రాము, సరఫరాదారులకు పర్చేజ్ ఆర్డర్లు పంపేది, అన్నీ. వాటిని నడిపే కాంకరెంట్ మేనేజర్లను లేపితే చాలు, వాటి టైము వచ్చిందని నడిచిపోతాయి. కాబట్టి ఆ మేనేజర్లను లేపకముందే రిక్వెస్టుల టేబుల్లో పెండింగ్, రన్నింగ్ స్థితిలో ఉన్నవాటి సంగతి తేల్చాలి. కొందరు అన్నిటినీ ముగిసినట్టు మార్చి రద్దు చేస్తారు. కొందరు క్రమం తప్పకుండా నడిచేవాటిని హోల్డ్‌లో పెట్టి, టెస్ట్‌లో కావాల్సినవి మాత్రం తర్వాత విడుదల చేస్తారు. రెండో పద్ధతిలో శ్రమ ఎక్కువ, టెస్టర్లకు మేలూ ఎక్కువ.

అన్నిటికంటే సున్నితమైంది మెయిల్. ఆమోదాలు నడిపే వర్క్‌ఫ్లోలో ఇంకా పంపని నోటిఫికేషన్లు ఒక టేబుల్లో ‘మెయిల్’ అన్న గుర్తుతో ఉంటాయి. పంపాల్సినవి అక్కడినుంచి ఒక క్యూలోకి చేరతాయి. క్లోన్‌లో ఈ రెండూ వస్తాయి. టేబుల్లో వాటి గుర్తును ‘సెంట్’ అని మార్చి, తర్వాత క్యూను చెరిపి కొత్తగా కట్టే స్క్రిప్టు నడపాలి. ముందు క్యూ కట్టి తర్వాత టేబుల్ మారిస్తే? ఆ స్క్రిప్టు క్యూను నింపేది టేబుల్‌ని చూసే. పాత నోటిఫికేషన్లన్నీ మళ్లీ కొత్త క్యూలోకి ఎక్కుతాయి. మెయిలర్ లేవగానే నిజమైన మేనేజర్ల ఇన్‌బాక్సుల్లోకి, నిజమైన మొత్తాలతో, ‘ఆమోదించండి’ అన్న మెయిళ్లు పోతాయి. అవే రెండు ఆజ్ఞలు, ఒక్క అక్షరం తేడా లేదు. వెనకాముందు చేస్తే ఫలితం తలకిందులు. ఆపైన ఇంకో కంచె ఉంది. మెయిలర్‌కు ఓవర్‌రైడ్ చిరునామా పెడితే, మెయిల్ ఎవరి పేర వెళ్లాల్సినా ఆ ఒక్క పెట్టెలోకే చేరుతుంది. దాన్ని తెర మీద నుంచి పెట్టేటప్పుడు ఒరాకిల్ ఆ చిరునామాకు ఒక కోడ్ పంపి, అది తిరిగి టైప్ చేస్తే గానీ ఒప్పుకోదు. ఈ పట్టుదల నాకు న్యాయంగానే తోస్తుంది. 2021 జూన్‌లో స్ట్రీమింగ్ సర్వీసు హెచ్‌బీవో మ్యాక్స్ చందాదారుల్లో చాలామందికి ‘ఇంటిగ్రేషన్ టెస్ట్ ఈమెయిల్ 1’ అన్న ఖాళీ మెయిల్ వెళ్లిపోయి ప్రపంచమంతా చెప్పుకుంది. అందులో డబ్బు ప్రస్తావన లేదు కాబట్టి నవ్వుకుని వదిలేశారు.

డబ్బున్న చోట్లు వేరే ఉన్నాయి. పేమెంట్స్ మాడ్యూల్లో బ్యాంకు సర్వర్ పేరు, లాగిన్ సహా ఫైలు పంపే సెటప్ ఉంటుంది. డేటాబేస్ లింకుల్లో ప్రాడ్ వేర్‌హౌస్‌కి దారి ఉంటుంది. టెస్ట్‌లో ఒకరు రాసిన అప్‌డేట్ ఆ లింకు గుండా నిజమైన వేర్‌హౌస్‌లో పడితే వెనక్కి తీసుకునే దారి ఉండదు. కాబట్టి లింకులన్నీ తీసేసి, దాచుకున్న టెస్ట్ లింకులు పెడతారు. ప్రింటర్లదీ ఇదే సంగతి. చెక్కులు ముద్రించే ప్రింటరు ఒకటి ఎక్కడో అకౌంట్స్ గదిలో ఉంటుంది.

పాస్‌వర్డ్ మార్చడం చాలామంది చివరికి వదిలే పని. క్లోన్ అయిన వెంటనే టెస్ట్‌లో యాప్స్ అనే ప్రధాన డేటాబేస్ యూజర్ పాస్‌వర్డ్ అంటే ప్రాడ్‌లో యాప్స్ పాస్‌వర్డే. టెస్ట్ పాస్‌వర్డ్ డెవలపర్లకు ఇవ్వడం మామూలే. మార్చకుండా ఇస్తే ప్రాడ్ తాళంచెవి చేతిలో పెట్టినట్టే. ఎఫ్‌ఎన్‌డిసిపాస్ అనే పనిముట్టుతో, సర్వీసులు ఆపి ఉండగానే, మొట్టమొదటి పనుల్లో ఒకటిగా ఇది అయిపోవాలి.

ఇక డేటాను మరుగుపరచడం, మాస్కింగ్. ఉద్యోగుల జీతాలు, బ్యాంకు ఖాతాలు, ఆధార్, పాన్ టెస్ట్‌లో ఎవరుపడితే వాళ్లు చూడకూడదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తగిన భద్రత పెట్టని సంస్థలకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా అంటోంది. చట్టం లేనప్పుడు కూడా ఇది చేయాల్సిన పనే. మాస్కింగ్ అంటే అన్నిచోట్లా ఎక్స్‌లు పెట్టడం అనుకునేవాళ్లు దాని అందం చూడలేదు. పాన్‌లో పది అక్షరాలు: మొదట ఐదు ఇంగ్లిష్ అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం. నాలుగోది ‘పి’ అయితే వ్యక్తి. ఐదోది ఇంటిపేరు మొదటి అక్షరం. పేరు మార్చి పాన్‌లో ఐదో అక్షరం మార్చకపోతే, ఆ రెంటినీ సరిచూసే ప్రోగ్రాము టెస్ట్‌లో ప్రతి రికార్డునూ తిప్పికొడుతుంది. ఆధార్‌లో 12 అంకెలు. మొదటిది 0 గానీ 1 గానీ కాదు. చివరిది మిగతా పదకొండింటి మీద వెర్హాఫ్ పద్ధతిలో వచ్చే తనిఖీ అంకె. మాస్క్ చేసిన నంబరు ఈ తనిఖీలకు నిలబడాలి. అలాగే ఒకే ఉద్యోగి నంబరు జీతాల టేబుల్లో, పన్నుల టేబుల్లో, బీమా టేబుల్లో ఒకే కొత్త నంబరుగా మారాలి, లేకపోతే టేబుళ్ల మధ్య ముడి తెగిపోతుంది. పుట్టినతేదీలు జరపొచ్చు గానీ, పుట్టినతేదీ ఉద్యోగంలో చేరిన తేదీ తర్వాతికి పోకూడదు.

పేర్లు తెలుగులో ఉన్న డేటాబేస్ అయితే ఇంకో మెలిక. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్ మూడు బైట్లు. ‘స్త్రీ’ అని మనం ఒక్క అక్షరంగా చదివేది నిజానికి ఆరు కోడ్ పాయింట్లు, 18 బైట్లు. ఇంగ్లిష్ పేర్ల కోసం రాసిన మాస్కింగ్ స్క్రిప్టు బైట్లు లెక్కపెట్టి కోస్తే ఒత్తు దగ్గర తెగి, అక్షరం బదులు ప్రశ్నార్థకం మిగులుతుంది. లేదా కాలమ్‌లో పట్టక ఎర్రర్ వస్తుంది. బైట్లతో కాకుండా అక్షరాలతో కొలిచే స్క్రిప్టు రాసినవాళ్లను చూస్తే, మన భాష తెలిసిన చెయ్యి అని తెలిసిపోతుంది.

మాస్కింగ్ కాలమ్‌లతో ఆగదు. అటాచ్‌మెంట్లుగా ఎక్కించిన స్కాన్ చేసిన పాన్ కార్డులు, రెజ్యూమేలు ఎఫ్‌ఎన్‌డి లాబ్స్ టేబుల్లో అలాగే ఉంటాయి. టేబుల్ మొత్తం ఖాళీ చేద్దామంటే ఒరాకిల్ సొంత ఫైళ్లు కూడా అందులోనే ఉంటాయి. ప్రోగ్రామ్ పేరు చూసి యూజర్ల అటాచ్‌మెంట్లను మాత్రం ఏరాలి. అంతదాకా ఆలోచించినవాళ్లు నాకు కొద్దిమందే కనిపించారు.

చివర్లో చేసే ఒక చిన్న పని మీద నాకు ప్రత్యేకమైన మమకారం. సైట్ నేమ్ ప్రొఫైల్లో ‘టెస్ట్, ఫలానా తేదీ ప్రాడ్ డేటా’ అని రాసి, జావా కలర్ స్కీమ్‌ను ప్రాడ్ రంగు కాకుండా ఇంకోటి పెడతారు. టైటిల్ పట్టీలో తేదీ, తెర అంతటా వేరే రంగు. రెండు విండోలు తెరుచుకుని పనిచేసే మనిషి ఏది ఏదో చదవక్కర్లేదు, చూస్తే చాలు. తన పని అయిపోయాక, తాను లేని సమయంలో, ఇంకెవరో అలసిపోయి తప్పు విండోలో పోస్ట్ నొక్కుతారేమోనని ముందే ఆలోచించి చేసే పని ఇది. టికెట్‌లో ఎవరూ అడగరు. చేసేవాళ్లు చేస్తారు.

బ్యాకప్ నుంచే క్లోన్ చేయాలని ఎందుకంటానో చెప్పాలి కదా. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో డేటాబేస్ రెప్లికేషన్ సరిచేస్తున్న ఒక ఇంజనీరు, రెండో సర్వర్‌లో తీసేయాల్సిన డేటా డైరెక్టరీని మొదటి సర్వర్‌లో, అంటే ప్రాడ్‌లో తీసేశాడు. ఒకటి రెండు సెకన్లలో గుర్తించి ఆపాడు. అప్పటికి సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. బ్యాకప్ ఉందనుకున్నారు. రోజూ తీయాల్సిన డంప్, 9.6 వర్షన్ డేటాబేస్ మీద 9.2 వర్షన్ పనిముట్టు నడవడంవల్ల విఫలమవుతూ వచ్చింది. విఫలమైందని చెప్పాల్సిన మెయిళ్లు డీమార్క్ అనే మెయిల్ తనిఖీలో తిరస్కరణకు గురై ఎవరికీ అందడం లేదు. చివరికి ఆదుకున్నది ఏమిటి? అదే రోజు ఆరు గంటల ముందు స్టేజింగ్‌లో, అంటే వాళ్ల టెస్ట్‌లో, తాజా ప్రాడ్ డేటా కావాలని ఒక ఇంజనీరు చేత్తో తీసిన స్నాప్‌షాట్. టెస్ట్ రిఫ్రెష్ కోసం తీసిన కాపీయే కంపెనీని నిలబెట్టింది. స్టేజింగ్ డిస్కులు నెమ్మది కావడంతో తిరిగి తేవడానికి దాదాపు 18 గంటలు పట్టింది. సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 కామెంట్లు, 700 కొత్త యూజర్ల ఖాతాలు పోయాయి. ఇందులో ఇంకో వివరం ఉంది. వాళ్ల రిఫ్రెష్ పద్ధతి కాపీ అవగానే స్టేజింగ్‌లో వెబ్‌హుక్‌లను తీసేసేది, టెస్ట్ నుంచి బయటికి సందేశాలు పోకూడదని. పైన చెప్పుకున్న జాగ్రత్తే అది. ఆ రాత్రి అదే వాళ్లను కంగారు పెట్టింది, వెబ్‌హుక్‌లు ఎక్కడినుంచి తేవాలా అని. జరిగిందంతా దాచకుండా రాసి బయట పెట్టినందుకు గిట్‌ల్యాబ్ వాళ్లకు ఈ పని చేసేవాళ్లందరూ రుణపడ్డారు.

బ్యాకప్ నుంచి చేసిన ప్రతి క్లోనూ ఆ బ్యాకప్ తిరిగి లేస్తుందని రుజువు చేస్తుంది. ఆర్నెల్లకోసారి డ్రిల్లు అని క్యాలెండర్లో రాసుకుని వాయిదా వేసే పని, రిఫ్రెష్ పేరుతో తనంతట తానే జరిగిపోతుంది. నేరుగా ప్రాడ్ నుంచి తెచ్చుకుంటే ఆ లాభం పోతుంది.

ఇంతా చేసి ఈ పనితనం ఉండేది ఎక్కడంటే, ప్రతి టీమ్‌లోనూ ఒక క్లోన్ డాక్యుమెంటులో. మంచి డాక్యుమెంటును గుర్తుపట్టడం తేలిక. ప్రతి స్టెప్పు పక్కన ఏ సర్వర్‌లో, ఏ యూజర్‌తో నడపాలో ఉంటుంది. ఏం కనపడితే సరిగ్గా అయినట్టో ఉంటుంది. అక్కడక్కడా ‘ఇది చేయకుండా ముందుకు వెళ్లొద్దు’ అని ఉంటుంది. అలాంటి ప్రతి వరసా ఎప్పుడో ఎవరో దెబ్బతిని చేర్చిందే. స్క్రిప్టులుగా, ఆన్సిబుల్ ప్లేబుక్‌లుగా మారినా ఆ వరసలు పోకూడదు. ఆటోమేషన్ చేతివేళ్లకు విశ్రాంతి ఇస్తుంది, వరస తప్పకుండా కాపాడుతుంది. ‘ఇంకా ఎక్కడైనా ప్రాడ్ మిగిలిందా’ అన్న ప్రశ్న మాత్రం ఇప్పటికీ మనిషే వేయాలి.

రిఫ్రెష్ టికెట్లు రాసే అప్లికేషన్ టీమ్‌లకు ఒక మనవి. ఒక్క వాక్యం రాసి వదిలేయకండి. ఏ తేదీ, ఏ గంట వరకు డేటా కావాలో రాయండి. టెస్ట్‌లో మీవి ఏవి దాచాలో, ఏ ప్రోగ్రాములు తిరిగి నడవాలో, మెయిళ్లు ఏ పెట్టెలోకి రావాలో, ఏ కాలమ్‌లు మరుగుపడాలో రాయండి. అన్నిటికంటే ముఖ్యంగా, కాపీకి పట్టే గంటల మీద తనిఖీకి ఇంకో నాలుగైదు గంటలు కలిపి అడగండి. సోమవారం పొద్దున మీరు మొదటి ఎంట్రీ వేసేది ఆ గంటల నమ్మకం మీదే.